నోరూరుడు వేరు, పాణం కొట్టుకునుడు వేరు

నేను స్టాఫ్ నర్సుగా మొదట చేరిన దవాఖాన అచ్చంపేట దాటి నల్లమల వైపు పోయే దారిలో ఉండేది. ఆరు మంచాలు, ఒక మందుల గది, వరండాలో రెండు పొడవాటి బల్లలు. కొత్త జిల్లాలు ఏర్పడి అప్పటికి ఏడాది. కాగితాల మీద జిల్లా పేరు మారింది కానీ, ఏ జిల్లా అని అడిగితే జనం ఇంకా పాలమూరనే చెప్పేవారు. నాది నల్లగొండ జిల్లా, కట్టంగూరు పక్కన ఒక పల్లె. మా అమ్మ నాట్లు వేసి, పత్తి ఏరి నన్ను నర్సింగు చదివించింది. మా కుటుంబంలో నెల జీతం తీసుకున్న మొదటి ఆడమనిషిని నేనే. ఆ సంగతి నా నడకలో కూడా తెలిసేదని అప్పటి నా తోటి నర్సు నవ్వుతూ చెప్పేది.

డాక్టరుగారు నాకంటే రెండేళ్ళే పెద్ద. హైదరాబాదులో పుట్టి పెరిగినవారు. మంచి మనిషి, రోగి చెయ్యి పట్టుకుని నిదానంగా మాట్లాడేవారు. కానీ ఎవరైనా "సార్, నెత్తి దిమ్ముదిమ్ముగున్నది, కాళ్ళల్ల సీమలు పారినట్టయితాంది" అంటే పెన్ను ఆపి నా వైపు చూసేవారు. నేను అర్థం చెప్పేదాన్ని. ఆయన రాసుకునేవారు. సూదులు వేయడం, కట్లు కట్టడం నా ఉద్యోగమే అయినా, ఆ దవాఖానలో నా అసలు విలువ నాకొచ్చిన మాటలే అని కొన్నాళ్ళకే నాకు గట్టి నమ్మకం కుదిరింది.

ప్రతి గురువారం షుగర్, బీపీ ఉన్నవాళ్ళు వచ్చేవారు. వాళ్ళ కోసం ఒక ఫారం ఉండేది. అందులో ఒక వరుసలో 'ఆకలి' అని రాసి పక్కన మూడు గళ్ళు ఇచ్చారు: మామూలు, తక్కువ, ఎక్కువ. టిక్కు పెట్టే పని నాది. మూడు గళ్ళలో పట్టేలా మాట్లాడే మనిషి మాత్రం నాకు ఒక్కరూ దొరకలేదు. కడుపు నకనకలాడుతోందని ఒకరు, పేగులు అరుస్తున్నాయని ఒకరు. నోరు సప్పబడ్డదని ఒకాయన, బువ్వ సూస్తెనే డోకొస్తాందని ఆయన భార్య. ఆకలి లేదు కానీ నాలుక గుంజుతోందని ఒక రిటైర్డు అటెండరు చెప్పాడు. దేనికి గుంజుతోందంటే అటూ ఇటూ చూసి, "జిలేబికి" అన్నాడు.

నేను తడుముకునేదాన్ని కాదు. నకనకలు, పేగుల అరుపులు 'ఎక్కువ'లోకి. సప్పదనం, డోకు 'తక్కువ'లోకి. నాలుక గుంజడానికి గడి లేదు, కాబట్టి నవ్వి వదిలేసేదాన్ని. తీపి అడిగినవాళ్ళందరికీ నా దగ్గర ఒకటే జవాబు: నోరు కట్టుకోవాలి. ఆ మాట మా ఊరి నుంచి తెచ్చుకున్నదే. పథ్యం అంటే ఎవరూ పట్టించుకోరు, డైట్ అంటే అర్థం కాదు. నోరు కట్టుకో అంటే మాత్రం ముసలివాళ్ళు కూడా తలవంచి వినేవారు. నా మాట పనిచేస్తోందని గర్వపడేదాన్ని.

అలా విన్నవాళ్ళలో ఒక అవ్వ ఉండేది. డెబ్బై దాటిన మనిషి. మూడు మైళ్ళ అవతలి పల్లె నుంచి వచ్చేది. కొడుకు ట్రాక్టరు నడుపుతాడు, కోడలు వేరుశనగ చేను చూసుకుంటుంది. అవ్వ బల్ల చివర కూర్చుని, తన వంతు వచ్చేదాకా పక్కవాళ్ళ జబ్బులన్నీ అడిగి తెలుసుకునేది. సీతాఫలాల రోజుల్లో ఒకసారి చిన్న గంప నిండా పండ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"నన్ను తినొద్దంటివి. నువ్వన్న తిను బిడ్డా. కండ్లతోని సూస్త" అంది.

నేను ఒక పండు విప్పి ఆమె ఎదుటే తిన్నాను. ఆమె నిజంగానే చూస్తూ కూర్చుంది. గింజలు నేను ఎక్కడ ఊస్తానా అని చెయ్యి కూడా చాపింది. ఆ చూపులో ఈర్ష్య లేదు, ఏదో పెళ్ళి చూస్తున్నట్టు ఉంది.

మరుసటి గురువారం ఆమె వంతు వచ్చినప్పుడు వేలి మీద సూది పొడిచి రక్తం చూశాను. షుగర్ ఎన్నడూ లేనంత తక్కువగా వచ్చింది. నేను సంతోషించాను.

"సూశినవా అవ్వా, నోరు కట్టుకుంటె ఎంత మంచిగొచ్చిందో" అన్నాను.

ఆమె లేవకుండా కొంగు సవరించుకుంది. "సిస్టరమ్మా, ఒక్కటి అడుగుత. కోపం చేయొద్దు."

"అడుగు."

"ఈ నడుమ పొద్దుగాల పొద్దుగాల పాణం బెల్లం మీద కొట్టుకుంటాంది. గింత ముక్క నోట్లె ఏసుకోవచ్చునా?" చిటికెన వేలి గోరు చూపించింది.

బల్ల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. "ఆరేండ్లాయె నీకు షుగరొచ్చి. ఇంకా తీపి మీద మనసు పోతదా అవ్వా? ఇంత మంచిగ తగ్గినంక మళ్ళ పాడుచేసుకుంటవా? గట్టిగ నోరు కట్టుకో."

ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సిగ్గుపడింది. "సరె తీయ్. నువ్వు వద్దంటె వద్దు" అని మాత్రల కవరు రొండిన దోపుకుని వెళ్ళిపోయింది. ఫారంలో ఆకలి దగ్గర 'మామూలు' మీద టిక్కు పెట్టాను.

పది రోజుల తర్వాత సద్దుల బతుకమ్మ వచ్చింది. పండుగ కాబట్టి దవాఖానలో జనం లేరు. పొద్దున పదిన్నర దాటిందేమో, ఆటో ఒకటి గేటు లోపలికే వచ్చి ఆగింది. అందులోంచి కోడలు దిగి, "అమ్మా, మా అత్త పలుకుతలేదు" అంది. ఆమె చేతులకు మోచేతుల దాకా పిండి, బెల్లం అంటుకుని ఉన్నాయి. వెనుక సీటులో అవ్వ ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. రవిక చెమటతో తడిసి ముద్దయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

లోపల మంచం మీద పడుకోబెట్టి వేలు పొడిచాను. మీటరు మీద వచ్చిన అంకెను రెండుసార్లు చూశాను. డెబ్బైకి తగ్గకూడని షుగర్ ముప్పై ఎనిమిది. డాక్టరుగారు అప్పటికే పక్కన ఉన్నారు. ముసలి చెయ్యి, నరం దొరకలేదు. రెండోసారికి దొరికింది. గ్లూకోజు ఎక్కించాము. కోడలు గోడకు ఆనుకుని నిలబడి, అడగకుండానే జరిగింది చెప్పింది.

"మలీదకు రొట్టెలు, బెల్లం కలిపి దంచుతుంటె పక్కన్నే కూసున్నది. పొద్దున్నే మాత్ర ఏసుకున్నది గని ఏం తినలే. పండుగ పూట బతుకమ్మ పేర్చినంకనే తింట అన్నది. కొద్దిసేపటికి చేతులు వణుకుడు వెట్టినయి. నేను సూసి, జర గీ ముద్ద నోట్లె ఏసుకో అత్తా, ఒక్క ముద్దకు ఏంగాదు అన్న. సిస్టరమ్మ వద్దన్నది అన్నది. గంతె. గట్లనే ఒరిగింది."

ఆమె నన్ను నిందించడానికి చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నేను సెలైను గొట్టం పట్టుకుని నిలబడి విన్నాను. ఆ గది, కిటికీ అవతల ఎక్కడో మోగుతున్న పండుగ మైకు, ఆ ఆడమనిషి చేతుల నుంచి వస్తున్న నెయ్యి, బెల్లం వాసన, ఇన్నేళ్ళయినా నాకు బాగా గుర్తున్నాయి.

అవ్వ కళ్ళు తెరిచింది. ముందు కోడల్ని చూసింది, తర్వాత నన్ను. "బతుకమ్మ పేర్చిండ్రా?" అని అడిగింది.

మధ్యాహ్నానికి లేచి కూర్చుని అన్నం తినగలిగింది. డాక్టరుగారు స్టూలు జరుపుకుని ఆమె దగ్గర కూర్చున్నారు. ఇలా ఇంతకుముందు ఎప్పుడైనా అయిందా అని అడిగారు.

"పొద్దుగాల పొద్దుగాల అయితనే ఉన్నది సారూ. సిస్టరమ్మకు చెప్పిన."

ఆయన నా వైపు చూశారు. ఎప్పటిలాగే అర్థం చెప్పమని చూసిన చూపే అది. నేను అవ్వ వైపు తిరిగాను.

"నాకు చెప్పినవా అవ్వా? ఏమని చెప్పినవు?" అన్నాను.

"పాణం బెల్లం మీద కొట్టుకుంటాంది అని చెప్పలేదా?"

"అది బెల్లం తినాలని నోరూరుతాంది అనుకున్న."

అవ్వ నన్ను ఏమీ తెలియని చిన్నపిల్లను చూసినట్టు చూసింది. చెయ్యి తీసి గుండె మీద పెట్టుకుంది. "నోరూరుడు వేరు, పాణం కొట్టుకునుడు వేరు బిడ్డా. నోరూరితె నోట్లె తెలుస్తది. నీ సీతాఫలం సూస్తె ఊరింది. గది ఓర్సుకుంటె పోతది. పాణం కొట్టుకుంటె గిక్కడ దడదడ కొట్టుకుంటది, కాళ్ళు తేలిపోతయి, కండ్లకు మబ్బులొస్తయి. గప్పుడు బెల్లం నోరు అడగదు. పాణం అడుగుతది."

డాక్టరుగారికి ఈసారి నేను అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయనకు మొత్తం అర్థమైంది. వెంటనే ఆమె మాత్ర సగానికి తగ్గించారు. తినకుండా మాత్ర వేసుకోవద్దని, వణుకు వస్తే ఎవరినీ అడగకుండా బెల్లమో చక్కెరో నోట్లో వేసుకోమని కోడలితో రెండుసార్లు తిరిగి చెప్పించారు. అవ్వ వెళ్ళాక నాతో ఒక్క మాటే అన్నారు. "మీరు ఫారంలో రాసినదాన్ని నేను ఆమెను మళ్ళీ అడగాల్సింది. నేనూ అడగలేదు." ఆయన తప్పులో వాటా తీసుకుంటున్నారని నాకు తెలుసు. దానికి ఆయన్ని ఇప్పటికీ గౌరవిస్తాను. కానీ ఆ మాటలు రాని మనిషి ఆయన. వచ్చిన మనిషిని నేను. 'ప్రాణం కొట్టుకోవడం' అంటే ఇష్టపడి తపించడం అని నాకు తెలుసు, కాబట్టే ఆమె చెప్పేది వినడం మానేశాను.

ఆ తర్వాతి ఆదివారం ఊరికి పోయాను. చర్చి నుంచి వచ్చి అమ్మ వంటకు కూర్చుంది. నేను ఉల్లిగడ్డలు కోస్తూ అవ్వ సంగతి చెప్పాను. అమ్మ పొయ్యి మంట తగ్గించి పూర్తిగా విన్నది.

"ముసలామె బెల్లం అడిగిందంటె ఇజ్జత్ పక్కకు వెట్టి అడిగిందన్నట్టు. నీకు తెల్వలేదా?" అంది.

"తీపి మీద ఆశ అనుకున్న."

"ఆశ ఉన్నోళ్ళు అడగరు. ఇంట్ల దాసుకొని తింటరు."

ఆ మాట నాకు తోచనేలేదు. అమ్మ చెబుతూ పోయింది. తన చిన్నతనంలో పటేలు చేలల్లో కలుపుకు పోయినప్పుడు, ఆకలైతాందని ఎవరూ నోరు తెరిచి అనేవారు కాదట. ఆకలంటే ఎవరో ఒకరు పెట్టాలి కదా, పెట్టే దిక్కు లేనప్పుడు అనడం ఎందుకని. అందుకని కడుపుల ఎట్లనో ఉన్నదనేవారట. నడుము లేస్తలేదనేవారట. ఎండ ఎక్కువున్నదనేవారట. "మా అమ్మ నన్ను సూసి, పొద్దు ఎంత పొడుగున్నదే అనేది. నాకు తెలిసేది, ఆమెకు ఆకలైతాందని" అంది అమ్మ.

"మరి నాకు ఎన్నడు చెప్పకపోతివి?"

"నీకు ఆకలైతె ఆకలైతాంది అని ఒర్లేదానివి. గట్ల ఒర్లేటట్టు పెంచిన నిన్ను. గీ మాటలు నీకెందుకు?"

చెప్పి కూరలో ఉప్పు చూసింది. ఆమె గొంతులో దుఃఖం లేదు. గెలిచిన మనిషి గొంతు అది. నేను ఏడుస్తుంటే ఉల్లిగడ్డల వల్ల అనుకుందో, లేక అనుకున్నట్టు నటించిందో తెలియదు.

తిరిగి వచ్చాక గురువారాలు మారాయి. ఫారం మారలేదు, మూడు గళ్ళు అలాగే ఉన్నాయి. కానీ టిక్కు పెట్టే ముందు నేను ఇంకో రెండు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను. ఎప్పుడు అయితాంది? అయినప్పుడు ఒంట్లె ఎక్కడ తెలుస్తది? ఈ రెండింటికీ జనం ఎంత వివరంగా జవాబు చెప్పేవారంటే, డాక్టరుగారు తన కుర్చీ తెచ్చి వరండాలోనే వేసుకున్నారు. నాలుక గుంజుతోందన్న అటెండరుది నిజంగా నాలుకే. వారానికి ఒక జిలేబి ముక్క అని ఒప్పందం చేసుకున్నాం. ఇంకొకామె శోషొస్తాందని మూడు నెలలుగా చెబుతుంటే అందరం నీరసం అని రాశాము. ఆమెకూ మాత్ర ఎక్కువైంది. తగ్గించాక తేరుకుంది. అవ్వ నేనున్నన్నాళ్ళూ వస్తూనే ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళకు బల్ల చివర కూర్చుని, ఏది నోరూరుడో ఏది కాదో తనే చెప్పేది. నాకంటే బాగా చెప్పేది.

నాలుగేళ్ళకు నాకు బదిలీ అయింది. మక్తల్ వైపు, కర్ణాటక సరిహద్దుకు దగ్గర. అక్కడ తెలుగు మధ్యలో కన్నడం మాటలు వచ్చిపడతాయి. మొదటి నెల ప్రతి మాటకూ అర్థం అడిగాను. అడగడానికి సిగ్గుపడలేదు. నల్లగొండ సిస్టరుకు ఏమీ తెలియదని నవ్వుకున్నారు. నవ్వుకోనిచ్చాను.

అక్కడ ఏడాదికి రెండుసార్లు బడి పిల్లల ఆరోగ్యం చూడడానికి పోయేవాళ్ళం. ఒక ఆడపిల్లల హాస్టలుకు పోయినప్పుడు, ఎత్తులు, బరువులు రాస్తుంటే వార్డెను మేడం నా పక్కన నిలబడి పిల్లల గురించి చెబుతోంది. ఎనిమిదో తరగతి వరుస వచ్చింది. ఒక పిల్ల తూకం ఎక్కింది. బక్కగా, కళ్ళు లోపలికి పోయి ఉంది.

"ఇది చూడనీకి గిట్లున్నది గని మేడం, తిండిల దీన్ని మించినోళ్ళు లేరు" అంది వార్డెను. "నాలుగుసార్లు పెట్టించుకుంటది. మొన్న వంటింట్ల అరటిపండ్లు తీసుకపోయింది. కక్కుర్తి. తల్లిదండ్రి పుణెల బిల్డింగు పనికి పోయిండ్రు, చెప్పుదామంటె ఫోను కలుస్తలేదు."

వెనుక వరుసలో పిల్లలు కిసుక్కుమన్నారు. తిండిపోతు అని ఎవరో అన్నారు. ఆ పిల్ల తూకం మీద నుంచి దిగకుండా నేల చూస్తూ నిలబడింది. బరువు చూశాను. ఆరు నెలల కిందటి పాత కాగితంలో ఉన్న బరువు చూశాను. ఆరు కిలోలు తగ్గింది. నాలుగుసార్లు అన్నం పెట్టించుకునే పిల్ల, పెరిగే వయసులో ఆరు కిలోలు తగ్గడం ఏమిటి?

ఆమెను పక్క గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేశాను. బెంచీ మీద నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఆకలి ఎక్కువైతాందా బిడ్డా?"

తల ఊపింది.

"నాకు చెప్పు. అయినప్పుడు ఎట్లుంటది? నేనేం అనను."

చున్నీ చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. తర్వాత మెల్లగా అంది. "కడుపు నిండుతాంది మేడం. నిండినట్టు తెలుస్తాంది. గని తిన్నది ఒంటికి పడతలేదు. తిన్నంక గూడ ఒంట్లె ఆకలున్నట్టె ఉంటాంది. నేను దొంగదాన్ని గాదు."

"గాదు. నాకు తెలుసు. దూప అయితాందా?"

"మస్తు. రాత్రి బాటిల్లు బాటిల్లు తాగుత. మళ్ళ బాత్రూంకు లేస్త. ఫ్రెండ్సు తిడుతరు, నిద్ర చెడగొడుతున్న అని."

ఆమె మాట్లాడుతుంటే ఊపిరిలో ఒక వాసన వచ్చింది. మాగిన పండు వాసన లాంటిది. నేను లేచి సంచీలోంచి మీటరు తీశాను. వేలు పొడిచి రక్తం పెట్టాను. మీటరు మీద అంకె రాలేదు. కొలవగలిగినదానికంటే ఎక్కువ ఉంటే అది అంకె చూపించదు.

తలుపు తీసి వార్డెను మేడాన్ని పిలిచాను. గొంతు పెంచలేదు. ఈ పిల్లకు షుగరు అని, ఆలస్యమైతే పాణానికి ముప్పని, ఈమెది కక్కుర్తి కాదని పిల్లలందరూ వినేలా చెప్పాను. చిన్నపిల్లలకు కూడా షుగరు వస్తుందా అని అడిగింది. వస్తుంది, తిన్న అన్నం రక్తంలోనే ఉండిపోతుంది కానీ ఒంట్లోకి పోదు అన్నాను. అంతకుముందు ఆ పిల్ల చెప్పిన మాటనే నేను ఆమెకు తిప్పి చెప్పాను. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

మా కొత్త దవాఖాన డాక్టరమ్మతో ఫోనులో మాట్లాడి సెలైను పెట్టాను. అంబులెన్సు రావడానికి అరగంట పట్టింది. మహబూబ్‌నగర్ పెద్ద దవాఖాన దాకా పిల్ల పక్కన నేనే కూర్చున్నాను. వార్డెను మేడం కూడా మాతో ఎక్కింది. దారి పొడుగునా ఆ పిల్ల కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంది. దేవరకద్ర దాటాక, "నేనే అన్న మేడం, కక్కుర్తి అని. నేనే అన్న" అంది.

"నేను ఒక ముసలామెకు బెల్లం తినొద్దన్న" అన్నాను. ఆమె అర్థం కానట్టు చూసింది. మిగతా దారంతా ఆ కథ చెప్పాను.

పిల్ల మూడు రోజులు మాటల్లేకుండా పడి ఉంది. నాలుగో రోజు లేచి నీళ్ళు అడిగింది. తల్లి, తండ్రి పుణె నుంచి వచ్చారు. పన్నెండు రోజుల తర్వాత ఇన్సులిను సూది తనే వేసుకోవడం నేర్చుకుని హాస్టలుకు తిరిగి వచ్చింది. వార్డెను మేడం సూది మందులు పెట్టడానికి తన గదిలోని ఫ్రిజ్జులో ఒక అర ఖాళీ చేసింది. వంటింటి తాళం చెవుల్లో ఒకటి ఆ పిల్లకు ఇచ్చింది. సూది మందు ఎక్కువై రాత్రి వణుకు వస్తే ఎవరినీ లేపాల్సిన పని లేకుండా ఏదైనా తినడానికి. అది నేను చెప్పింది కాదు, ఆమెకే తోచింది.

ఆ తర్వాత రెండు మూడుసార్లు ఏఎన్‌ఎంల శిక్షణలో మాట్లాడమని నన్ను పిలిచారు. నేను తెర మీద బొమ్మలు చూపించను. వచ్చినవాళ్ళందరినీ ఒక్కొక్కరుగా అడుగుతాను: మీ ఇంట్లో ఆకలిని ఏమంటారు, తీపి మీద మనసైతే ఏమంటారు, ఆకలి చచ్చిపోతే ఏమంటారు? మొదట నవ్వుతారు. తర్వాత చెబుతారు. తండాల నుంచి వచ్చినవాళ్ళు తమ మాట చెబుతారు, పెంటలనే చెంచు గూడేల్లో పనిచేసినవాళ్ళు అక్కడ విన్నది చెబుతారు. రాసుకోమంటాను. రాసుకున్న ప్రతి మాట పక్కన, ఇది ఒంట్లె ఎక్కడ తెలుస్తది అని ఇంకో మాట రాయమంటాను. అది తెలియకుండా గళ్ళు నింపొద్దంటాను. ఈ సంగతి నేను గట్టిగానే చెబుతాను. చెప్పే హక్కు నాకు ఉందనుకుంటాను. తప్పు చేసి నేర్చుకున్నది కాబట్టి ఇంకా గట్టిగా.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతోంది. మొన్న సెలవుల్లో మందులకు వచ్చి, నా డ్యూటీ అయ్యేదాకా కూర్చుంది. మా క్వార్టరుకు తీసుకుపోయాను. ఒళ్ళు చేసింది, జడ నడుము దాకా పెరిగింది. నేను కుక్కరు దింపి పప్పు పోపు వేస్తుంటే గడప దగ్గర నిలబడి కాలేజీ సంగతులు చెప్పింది. సూది వేసుకుంది. ఇద్దరం కంచాల ముందు కూర్చున్నాం.

"ఇప్పుడు ఆకలి ఎట్లయితాంది?" అని అడిగాను. అలవాటు.

కాస్త ఆలోచించింది. "ఏమో మేడం. అందరికి అయినట్టె అయితాంది. అయితది, తింట, పోతది."

ఇంకొంచెం అన్నం పెట్టమని కంచం జరిపింది. పెట్టాను. మామిడికాయ తొక్కు కలుపుకుని, నా వైపు చూడకుండా, తీరిగ్గా తినసాగింది.